కేప్ ఓడ కిరాయి పెరిగితే గరివిడికేంటి?

ఓడ కిరాయిల సూచీ అయిన బాల్టిక్ డ్రై ఇండెక్స్ ఒక్కరోజులో వంద పాయింట్లు లేచిందని వార్త వస్తుంది. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో మాంగనీసు ఖనిజం కొనే మేనేజరుకీ, నరసన్నపేటలో డీఏపీ అమ్మే డీలరుకీ ఒకటే అనుమానం. ఇక సరుకు ధర కూడా లేస్తుందా? చాలాసార్లు లేవదు. ఆ వంద పాయింట్లలో ఎక్కువ భాగం తెచ్చిపెట్టిన ఓడ మన వైపు సరుకు మోసే ఓడ కాదు కాబట్టి. డ్రై బల్క్ రవాణా ఎటు పోతుందో అంచనా వేయాలంటే ముందు ఏ ఓడ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. అది తేలకుండా వేసే అంచనా ఏదైనా గాల్లో లెక్కే.

డ్రై బల్క్ అంటే పెట్టెల్లో, బస్తాల్లో కాకుండా ఓడ గర్భంలో గుట్టగా పోసే సరుకు. బొగ్గు, ఇనుప ఖనిజం, గోధుమ, సోయా, బాక్సైట్, ఎరువులు, మాంగనీసు, సున్నపురాయి. ఉత్తరాంధ్రకి ఇది కొత్త కాదు. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే 1892లో, విజయనగరం గనుల్లో. 1933లో విశాఖ రేవు తెరిచింది ప్రధానంగా మధ్య పరగణాల మాంగనీసు ఎగుమతి కోసం. బైలదిల్లా ఖనిజాన్ని జపాన్ పంపడానికి 1960ల్లో వేసిన కిరండూల్ లైను విజయనగరం జిల్లా కొత్తవలస దగ్గరే కిందికి దిగుతుంది. ఆ ఖనిజం కోసమే 1976లో విశాఖ ఔటర్ హార్బర్ కట్టారు.

నాలుగు రకాల ఓడలు, నాలుగు బజార్లు

అన్నిటికంటే పెద్దవి కేప్‌సైజ్ ఓడలు. ఒక్కోటి 1,80,000 టన్నుల చుట్టుపక్కల మోస్తుంది. తొమ్మిది హోల్డులు (సరుకు పోసే గదులు) ఉంటాయి, సొంత క్రేన్లు ఉండవు. నిండా లోడైతే నీటిలో 18 మీటర్లు మునుగుతుంది కాబట్టి ఏ రేవు పడితే ఆ రేవులోకి రాలేదు. మన వైపు విశాఖ ఔటర్ హార్బర్, గంగవరం లాంటివి మాత్రమే దీనికి దారిస్తాయి. పని ముఖ్యంగా ఇనుప ఖనిజం, తర్వాత బొగ్గు, ఈమధ్య బాక్సైట్. ఇంతకంటే పెద్దవి బ్రెజిల్ ఖనిజం కోసం కట్టిన 4,00,000 టన్నుల వేల్‌మ్యాక్స్‌లు. వాటి సంగతి మనకి అక్కర్లేదు.

తర్వాతిది కమ్సర్‌మ్యాక్స్. 82,000 టన్నులు, 229 మీటర్ల పొడవు. గినీ దేశంలో బాక్సైట్ ఎత్తే కమ్సర్ రేవులో పట్టే గరిష్ఠ పొడవు అంతే కావడంతో ఆ పేరు స్థిరపడింది. దీనికీ క్రేన్లు ఉండవు. ఆ కింద సుప్రామ్యాక్స్, అల్ట్రామ్యాక్స్: 50,000 నుంచి 65,000 టన్నులు, ఐదు హోల్డులు, నాలుగు సొంత క్రేన్లు, సరుకు తోడే గ్రాబులు. రేవులో క్రేను లేకపోయినా తన సరుకు తానే దించుకుంటుంది. ఎరువులు, మాంగనీసు, ఇండోనేషియా బొగ్గు, జిప్సం మన గడపకి చేర్చేది ఎక్కువగా ఇదే. చివరిది 40,000 టన్నుల లోపు హ్యాండీసైజ్. కాకినాడ లంగరు దగ్గర బార్జీల మీంచి బియ్యం బస్తాలు ఎక్కించుకుని పశ్చిమ ఆఫ్రికా వెళ్లేవాటిలో ఇవీ, సుప్రాలూ ఉంటాయి.

ఈ నాలుగూ ఒకే బజారు కాదు. కేప్ కిరాయి రోజుకి 10,000 డాలర్ల నుంచి 30,000కి నెల తిరక్కుండా ఎగరగలదు, అంతే వేగంగా పడగలదు. రెండు మూడు గనుల కంపెనీలు, ఒకే ఒక్క పెద్ద కొనుగోలు దేశం, రెండు సముద్ర మార్గాలు: దాని లోకం అంతే. అందులో ఒక తుపానో, ఒక రైలు ప్రమాదమో చాలు. సుప్రా అలా కాదు. ఇవాళ ఎరువు, రేపు ఉప్పు, ఎల్లుండి క్లింకర్. ఒక సరుకు మందగిస్తే ఇంకోటి దొరుకుతుంది కాబట్టి దాని కిరాయి నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగుతుంది.

ఇప్పుడు ఇండెక్స్ సంగతి. లండన్‌లోని బాల్టిక్ ఎక్స్ఛేంజ్ ప్రతి పనిదినం బ్రోకర్లని అడిగి, నిర్ణీత మార్గాల్లో కిరాయి ఎంతుందో రాసుకుని లెక్క కడుతుంది. 2018 మార్చి నుంచి దాని తూకం ఇదీ: కేప్‌కి 40 శాతం, పానమ్యాక్స్‌కి (కమ్సర్‌మ్యాక్స్ ఈ తరగతిదే) 30, సుప్రామ్యాక్స్‌కి 30. హ్యాండీసైజ్‌ని పూర్తిగా తీసేశారు. పైగా కేప్ రోజు కిరాయి డాలర్లలోనే పెద్ద అంకె. 40 శాతం తూకం తోడైతే ఇండెక్స్ ఊగేది దాదాపు దాని ఊపుకే. 2008 మే 20న 11,793కి ఎక్కి, అదే ఏడాది డిసెంబరు 5న 663కి పడిన ఇండెక్స్ ఇది. 2016 ఫిబ్రవరి 10న 290 చూసింది. 2021 అక్టోబరులో మళ్లీ 5,600 దాటింది. ఎరువుల డీలరు చూడాల్సింది పెద్ద ఇండెక్స్‌ని కాదు, అదే పట్టికలో కింద ఉండే సుప్రామ్యాక్స్ ఇండెక్స్‌ని.

టన్నుకి ఎంత పడుతుంది?

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. అంకెలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవే. దక్షిణాఫ్రికా రిచర్డ్స్ బే నుంచి విశాఖకి 52,000 టన్నుల బొగ్గు, సుప్రామ్యాక్స్ ఓడ. దూరం సుమారు 4,500 నాటికల్ మైళ్లు. పన్నెండున్నర నాట్ల (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) వేగంతో రోజుకి 300 మైళ్లు, అంటే 15 రోజులు. లోడింగుకి ఓడ ఖాళీగా రావడానికి ఇంకో 5 రోజులు, ఎక్కించడానికి 3, దించడానికి 4. మొత్తం 27 రోజులు. రోజు కిరాయి 13,000 డాలర్లయితే 3,51,000. సముద్రంలో రోజుకి 25 టన్నుల చొప్పున, రేవులో 3 టన్నుల చొప్పున ఇంధనం 521 టన్నులు. టన్ను 520 డాలర్లయితే దాదాపు 2,71,000. రెండు రేవుల ఖర్చులు 1,50,000. కలిపి 7,72,000. టన్నుకి 14.8 డాలర్లు.

ఇప్పుడు కిరాయి రెట్టింపై 26,000 అయిందనుకోండి. టన్నుకి పెరిగేది 6.75 డాలర్లే. డాలరు 88 రూపాయల లెక్కన 594 రూపాయలు. కిరాయి నూరు శాతం పెరిగితే రవాణా ఖర్చు పెరిగింది 45 శాతం. ఎందుకంటే ఇంధనం, రేవు ఖర్చులు కిరాయితో పాటు కదలవు. 'ఫ్రైట్ డబుల్ అయింది' అని అమ్మకందారు ధర పెంచితే ఈ లెక్క ముందు పెట్టి బేరమాడొచ్చు.

ఈ లెక్కనే ఉక్కులో కలిపే మిశ్రమ లోహం చేసే ఫెర్రో అల్లాయ్ కొలిమి దగ్గరికి తీసుకెళ్దాం. టన్ను సిలికో మాంగనీసుకి ఖనిజం రెండు టన్నులకి కాస్త పైన పడుతుంది. 2.2 అనుకుంటే, కిరాయి రెట్టింపైనా టన్ను లోహానికి పెరిగే ఖర్చు సుమారు 1,300 రూపాయలు. అదే టన్నుకి కరెంటు 4,000 యూనిట్లు కావాలి. యూనిట్‌కి 50 పైసలు పెరిగితే 2,000 రూపాయలు. గరివిడి, బొబ్బిలి కొలిమిల తలరాత రాసేది బాల్టిక్ ఎక్స్ఛేంజ్ కంటే ముందు విద్యుత్ టారిఫ్ ఉత్తర్వు.

ఖనిజం ధర మాత్రం వేరే కథ. 2024 మార్చిలో ఉత్తర ఆస్ట్రేలియాలో మేగన్ తుపాను గ్రూట్ ఐలాండ్ గని జెట్టీని విరగ్గొట్టింది. హైగ్రేడ్ మాంగనీసుకి ప్రపంచంలో ఉన్న పెద్ద దారుల్లో ఒకటి మూతపడి, 2025 మేలో గానీ ఎగుమతులు మళ్లీ మొదలు కాలేదు. ఆ షాకుకి హైగ్రేడ్ ఖనిజం ధర కొన్ని నెలల్లోనే రెట్టింపై, ఆ తర్వాత గిరాకీ లేక అంతే జోరుగా దిగింది. ఓడలకి కొదవ రాలేదు, కిరాయి పెద్దగా మారలేదు. కొదవ వచ్చింది జెట్టీకి. ఒకే రేవు మీద ఆధారపడిన సరుకు కొనేవాళ్లు గాబన్, దక్షిణాఫ్రికా గ్రేడ్లతో కొలిమి మిశ్రమం ఎలా మారుతుందో ముందే ట్రయల్ వేసి పెట్టుకోవడం అందుకే.

టన్నులు కాదు, టన్ను-మైళ్లు

రాబోయే ఏళ్ల గురించి మాట్లాడేవాళ్లు 'వ్యాపారం ఒక శాతం పెరుగుతుంది, రెండు శాతం పెరుగుతుంది' అంటారు. ఓడ యజమానికి ఆ అంకె సగం మాటే. ఎన్ని టన్నులు అన్నది ఎంత ముఖ్యమో ఎంత దూరం అన్నదీ అంతే ముఖ్యం. టన్నుల్ని మైళ్లతో హెచ్చిస్తే వచ్చే టన్ను-మైలే ఓడల అసలు గిరాకీ.

దీనికి సిమాండుని మించిన ఉదాహరణ లేదు. గినీ దేశం లోపల కొండల్లో ఉన్న ఈ ఇనుప గని కోసం 600 కిలోమీటర్లకి పైగా రైలు మార్గం, కొత్త రేవు కట్టారు. 2025 నవంబరులో ప్రారంభమైంది. పూర్తి స్థాయికి చేరితే ఏడాదికి 12 కోట్ల టన్నులు లక్ష్యం. పోయేది ప్రధానంగా చైనాకి. చైనా 2024లో దిగుమతి చేసుకున్న ఇనుప ఖనిజం 123.7 కోట్ల టన్నులు, అందులో సింహభాగం పశ్చిమ ఆస్ట్రేలియాది. అక్కడి పోర్ట్ హెడ్‌లాండ్ నుంచి చైనాలోని చింగ్‌దావ్‌కి సుమారు 3,600 మైళ్లు. గినీ నుంచి 11,000 పైమాటే.

ఒక కేప్ ఓడ ఆస్ట్రేలియా-చైనా మధ్య ఏడాదికి పది ట్రిప్పులు వేస్తుంది. గినీ-చైనా మధ్య నాలుగే. ఒక ట్రిప్పుకి 1,70,000 టన్నుల చొప్పున చూస్తే, 12 కోట్ల టన్నుల్ని ఆస్ట్రేలియా నుంచి తేవడానికి 70 ఓడలు చాలు, గినీ నుంచి తేవడానికి 175కి పైగా కావాలి. చైనా ఒక్క టన్ను ఉక్కు కూడా ఎక్కువ చేయకుండా, ఆస్ట్రేలియా ఖనిజం బదులు గినీది వాడినా వంద ఓడలు అదనంగా పనిలో పడతాయి. ప్రపంచంలో ఉన్న కేప్‌లే దాదాపు 2,000. గినీ బాక్సైట్ ఇప్పటికే ఇదే పని చేస్తోంది. చైనా 2024లో తెచ్చుకున్న దాదాపు 16 కోట్ల టన్నుల బాక్సైట్‌లో పెద్ద వాటా గినీదే. అక్కడ చాలాచోట్ల నదిలోంచి బార్జీల్లో తెచ్చి సముద్రంలో లంగరేసిన ఓడకి ఎక్కిస్తారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా కుండపోత వానలకి ఆ పని నత్తనడకే. అందుకే బాక్సైట్ కేప్‌లకి ఏడాదిలో ఒక సీజను ఏర్పడింది.

కొత్త ఓడలు ఎన్ని వస్తున్నాయన్నది రెండో సగం. 2008 పొంగులో యజమానులు ఆర్డరిచ్చిన ఓడలు అప్పటికి తిరుగుతున్నవాటిలో సగానికి మించిపోయాయి. ఆ తర్వాత ఎనిమిదేళ్లు అందరూ దాని ఫలితం అనుభవించారు. ఇప్పుడు ఆర్డర్లలో ఉన్నవి తిరుగుతున్న నౌకల్లో పది, పదకొండు శాతం దగ్గర ఉన్నాయి. అందులోనూ కేప్‌లు తక్కువ, కమ్సర్‌మ్యాక్స్, అల్ట్రామ్యాక్స్ ఎక్కువ. షిప్‌యార్డుల స్లాట్లు కంటైనర్ ఓడలు, ట్యాంకర్లతో నిండి ఉండడంతో ఇవాళ ఆర్డరిచ్చినా ఓడ చేతికి రావడానికి మూడేళ్లు పడుతుంది.

రెండూ కలిపి చూస్తే నా అంచనా ఇదీ. కేప్‌లకి దూరం కలిసొస్తోంది, కొత్త పోటీ తక్కువ. వాటి కిరాయి మీద ఒత్తిడి పైకే. మన సుప్రా, అల్ట్రాలకి కొత్త ఓడలు వచ్చిపడుతున్నాయి, వాటి పెద్ద సరుకైన బొగ్గు నీరసిస్తోంది. ఒత్తిడి కిందికే. అంటే ఇండెక్స్ పైకి పోతున్నప్పుడే మన దిగుమతుల కిరాయి ఉన్నచోటే ఉండడమో, కాస్త దిగడమో జరగొచ్చు.

ఒక చిక్కు ఉంది. కేప్ కిరాయి మరీ పెరిగితే బొగ్గు వ్యాపారులు 1,50,000 టన్నుల సరుకుని రెండు పానమ్యాక్స్‌లకి చీలుస్తారు. పానమ్యాక్స్ పెరిగితే సుప్రాకి కాస్త సెగ తగులుతుంది. ఈ సెగ చేరడానికి వారాలు పడుతుంది, చేరేసరికి చల్లారుతుంది కూడా. ఇంకోటి వేగం. ఇంధనం ఖర్చు వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. 14 నాట్ల ఓడని 12కి తగ్గిస్తే రోజు ఇంధనం 37 శాతం మిగులుతుంది. కిరాయి బాగా ఉన్నప్పుడు అందరూ గేరు పెంచుతారు, ఒక్క కొత్త ఓడ రాకుండానే సముద్రంలో ఓడలు పెరిగినట్టవుతుంది. కిరాయి పడితే అందరూ నెమ్మదిస్తారు. 2023 నుంచి అంతర్జాతీయ సముద్ర సంస్థ నిబంధనల కింద పెద్ద ఓడలకి కర్బనం లెక్కన ఏ నుంచి ఈ దాకా రేటింగ్ మొదలయ్యాక, పాత ఓడలకి నెమ్మదించడం తప్పనిసరి అవుతోంది.

బొగ్గు తగ్గుతోంది, ఎరువు ఆలస్యమవుతోంది

బొగ్గు విషయం క్లుప్తంగా చెప్పొచ్చు. 2024-25లో దేశంలో తవ్వకం మొదటిసారి వంద కోట్ల టన్నులు దాటింది. అదే ఏడాది దిగుమతి 26.4 కోట్ల టన్నుల నుంచి 24.4 కోట్లకి దిగింది. చైనా కూడా 2024లో 54 కోట్ల టన్నుల రికార్డు కొట్టి, 2025లో వెనక్కి తగ్గింది. ఉక్కు కర్మాగారాలకి కావాల్సిన కోకింగ్ కోల్ మాత్రం మన గనుల్లో దొరికే నాణ్యతతో తీరేది కాదు. ఆస్ట్రేలియా తూర్పు తీరం నుంచి పదిహేడు, పద్దెనిమిది రోజుల ప్రయాణంతో అది వస్తూనే ఉంటుంది. తగ్గేది కరెంటు బొగ్గు. ముఖ్యంగా ఇండోనేషియాలోని కాలిమంతాన్ నుంచి ఎనిమిది రోజుల్లో వచ్చేది. దగ్గరి దారి కాబట్టి టన్నుల్లో పెద్దగా కనిపించే ఈ తగ్గుదల టన్ను-మైళ్లలో చిన్నదే.

ఎరువు సంగతికి వస్తే శ్రీకాకుళం రైతు దగ్గర ఓడ కిరాయి ఎక్కడా కనపడదు. 50 కిలోల డీఏపీ బస్తా 1,350 రూపాయలకే కట్టేశారు. 45 కిలోల యూరియా 266 రూపాయల 50 పైసలు. పైన చూసిన 594 రూపాయల పెరుగుదల బస్తాకి 30 రూపాయలవుతుంది, కానీ అది రైతు జేబులోంచి కాక సబ్సిడీలోంచో కంపెనీ మార్జిన్‌లోంచో పోతుంది. సబ్సిడీ సరిపోదనిపిస్తే దిగుమతిదారు ఓడ మాట్లాడుకోవడమే వాయిదా వేస్తాడు. అక్కడ ధర కదలదు, తేదీ కదులుతుంది.

తేదీని కదిపే ఇంకో కారణం ఎర్ర సముద్రం. 2023 నవంబరు నుంచి హూతీ దాడులు మొదలయ్యాక మొరాకో ఫాస్ఫేట్ ఓడలు చాలావరకు ఆఫ్రికా చుట్టి రావాల్సి వచ్చింది. జోర్ఫ్ లాస్ఫర్ నుంచి విశాఖకి సూయజ్ దారిలో కంటే దాదాపు 4,000 మైళ్లు ఎక్కువ, 13 రోజులు అదనం. హూతీ దాడి తిని 2024 మార్చిలో మునిగిన రుబీమార్ ఓడలో ఉన్నదీ ఎరువే. కాస్త సద్దుమణిగింది అనుకున్నాక 2025 జూలైలో మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సి అనే రెండు బల్క్ ఓడలు వరసగా మునిగాయి. జూలై, ఆగస్టుల్లో నాట్లు పడే చోట 13 రోజులంటే దమ్ములో వేయాల్సిన ఎరువు పైరు లేచాక రావడం. దారి మళ్లీ పూర్తిగా తెరుచుకుంటే ఎరువు త్వరగా వస్తుంది. ఓడ యజమానులకి మాత్రం టన్ను-మైళ్లు తరిగిపోతాయి.

ఓడ రేవుకి చేరడమే రావడం కాదు. 45,000 టన్నుల డీఏపీ ఓడ అంటే 9 లక్షల బస్తాలు. ఓడలో లూజుగా వచ్చిన సరుకుని రేవులోనే బస్తాలకెత్తి రేక్‌లలో (గూడ్స్ రైళ్లలో) పంపాలి. మూతల వ్యాగన్ల రేక్ 2,600 టన్నులు పడుతుంది, అంటే 17 రేక్‌లు. వాన చుక్క పడితే హ్యాచ్ మూతలు వేసేయాలి. తడిసిన డీఏపీ గడ్డకట్టి గ్రాబ్‌కి రాదు, హోల్డు అడుగున కూలీలు గునపాలతో పగలగొట్టాలి.

రేవులో పోయే డబ్బు

కిరాయి గురించి మాట్లాడినంతగా ఎవరూ డెమరేజ్ (ఒప్పుకున్న గడువు దాటి ఓడని ఆపితే కట్టే పరిహారం) గురించి మాట్లాడరు. కొత్త దిగుమతిదారు చేయి కాలేది అక్కడే. ఒప్పందంలో 'రోజుకి 12,500 టన్నులు దించాలి, వాన రోజులు మినహా' అని ఉందనుకుందాం. 50,000 టన్నులకి అనుమతించిన సమయం 4 రోజులు. ఓడ బయట లంగరేసి 'సిద్ధంగా ఉన్నాను' అని నోటీసు ఇచ్చాక 12 గంటలకి గడియారం మొదలవుతుంది. బెర్త్ ఖాళీ లేక 5 రోజులు ఆగింది, దించడానికి ఐదున్నర రోజులు పట్టింది. పదిన్నరలో అరరోజు తీసేస్తే వాడుకున్నది 10 రోజులు, డెమరేజ్ 6 రోజులు. రోజుకి 14,000 డాలర్ల చొప్పున 84,000. దాదాపు 74 లక్షల రూపాయలు, టన్నుకి 148.

మొదటి నాలుగు రోజుల్లో వాన పడితే ఆ గంటలు తీసేస్తారు. అనుమతించిన సమయం ఒకసారి దాటిపోయాక వాన పడినా, తుపాను హెచ్చరిక జెండా ఎగిరినా గడియారం ఆగదు. 'ఒకసారి డెమరేజ్‌లో పడితే ఎప్పుడూ డెమరేజే' అన్నది ఈ వ్యాపారంలో పాత మాట. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ ఈ తీరాన్ని తాకింది అక్టోబరు రెండో వారంలోనే. అక్టోబరు, నవంబరు నెలల్లో చేరే సరుకుకి ఒప్పందం రాసేవాళ్లు దించే వేగాన్ని రోజుకి 12,500 బదులు 10,000 రాయించుకుంటే ఒక రోజు కలిసొస్తుంది. దానికోసం కిరాయిలో పావు డాలరు ఎక్కువ ఇచ్చినా గిట్టుబాటే.

తూకం దగ్గర కూడా ఇలాంటిదే. ఓడలో సరుకుని వేబ్రిడ్జి మీద తూచరు. ముందు, మధ్య, వెనక, రెండు పక్కలా ఉన్న ఆరు డ్రాఫ్ట్ (మునక లోతు) గుర్తులు చూసి, నీటి సాంద్రత కొలిచి లెక్క కడతారు. సుప్రామ్యాక్స్‌కి ఒక సెంటీమీటరు మునక దాదాపు 57 టన్నులు. అలల్లో రెండు సెంటీమీటర్లు తప్పు చదివితే 114 టన్నులు గాలికి పోయినట్టు. వానాకాలం గెడ్డల నీరు కలిసే రేవులో సాంద్రత 1.025 కంటే తగ్గుతుంది, ఓడ ఇంకాస్త మునుగుతుంది. హైడ్రోమీటరు నమూనాని ఒడ్డున కాక ఓడ పక్కన, పైన నీరు కాక మధ్య లోతు నుంచి తీశారో లేదో కొనేవాడి సర్వేయరు చూడాలి.

ఎగుమతి చేసేవాళ్లకి ఇంకో ప్రమాదం. ఇనుప ఖనిజం పొడి చూడ్డానికి గట్టిగా, పొడిగా ఉంటుంది. తేమ ఒక హద్దు దాటితే ఓడ కంపనానికి లోపల నీరు పైకి చేరి బురదలా మారుతుంది. ఓడ ఒక పక్కకి ఒరిగాక అది తిరిగి రాదు. 2009లో మంగళూరు దగ్గర ఏషియన్ ఫారెస్ట్, పారాదీప్ దగ్గర బ్లాక్ రోజ్ మునిగింది భారత ఖనిజపు పొడితోనే, వర్షాకాలంలోనే. హద్దు తేమ పరీక్ష ఆరు నెలల్లోపుది, అసలు తేమ పరీక్ష లోడింగుకి వారంలోపుది ఉండాలి. మధ్యలో వాన పడితే తేమ మళ్లీ పరీక్షించాలి. డెక్కు మీద ఛీఫ్ ఆఫీసరు చేసే పరీక్ష మరీ సులువు: అర లీటరు నుంచి లీటరు పట్టే డబ్బాని సగం సరుకుతో నింపి, జానెడు ఎత్తు నుంచి గట్టి బల్ల మీద 25 సార్లు, ఒకటి రెండు సెకన్ల ఎడంతో టపటపా కొట్టాలి. పైన నీరు మెరిసినా, సరుకు జావలా కదిలినా లోడింగు ఆపేయాలి. పైన ఏమీ కనపడలేదంటే సరుకు భద్రమని అర్థం కాదు, ల్యాబ్ కాగితం చూడాల్సిందే.

సోంపేట, కవిటి, కంచిలి వైపు నుంచి ఓడలెక్కే కుర్రాళ్లకి ఈ డబ్బా పరీక్ష తెలిసి ఉండడం ప్రాణానికి సంబంధించిన విషయం. ఉద్యోగాల మాటకొస్తే కిరాయి పడినా బల్క్ ఓడలో ఇరవై, ఇరవై రెండు మంది ఉండాల్సిందే. కిరాయి పడినప్పుడు తగ్గేది మనుషులు కాదు, జీతం అందే క్రమం. ఎక్కే ముందు ఏజెంటుకి షిప్పింగ్ డైరెక్టరేట్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ (ఓడల్లోకి సిబ్బందిని చేర్చే లైసెన్సు) నంబరు ఉందో లేదో, ఓడకి సిబ్బంది జీతాల బీమా పత్రం ఉందో లేదో చూసుకోవాలి.

మూలపేటకి ఏ ఓడ వస్తుంది?

సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన రేవుకి మొదటి దశలో నాలుగు బెర్త్‌లు, ఏడాదికి 2.35 కోట్ల టన్నుల సామర్థ్యం. ఈ అంకె చుట్టూ మాటలు చాలా వినిపిస్తాయి. లోతు గురించి తక్కువ. సుప్రామ్యాక్స్ నిండా లోడైతే 13 మీటర్ల దగ్గర మునుగుతుంది, కమ్సర్‌మ్యాక్స్ పద్నాలుగున్నర, కేప్ 18. అడుగున ఖాళీ నీరు ఇంకో మీటరున్నర కావాలి. ఖంభాత్ సింధుశాఖలో లాగా పోటు మీద ఓడని లోపలికి తేవడానికి మన తీరంలో వీల్లేదు. ఆటుపోట్ల తేడా ఒకటిన్నర మీటర్ల చుట్టుపక్కలే. పైగా నైరుతి రుతుపవనాల్లో ఇసుక తీరం వెంట ఉత్తరానికి నడుస్తుంది. విశాఖ రేవు ఏటా ఇసుక తోడుతున్నది అందుకే. మొదటి రోజు ఎంత లోతు తవ్వారన్నది కాక, మూడో వర్షాకాలం తర్వాత ఎంత మిగిలిందన్నది ఛార్టు మీద రాసే అంకె.

వెనక రైలు దారి బాగానే అమరింది. ఉప్పు మడుల నౌపడ జంక్షను చెన్నై-హౌరా లైను మీదే ఉంది, అక్కడి నుంచి గుణుపురం వైపు ఒక శాఖ ఒడిశాలోకి పోతుంది. తిరుగు సరుకే వెతుక్కోవాలి. టెక్కలి నీలి గ్రానైట్ దిమ్మలున్నాయి, కానీ అవి ఓడ నింపేంత కావు. దించి ఖాళీగా పోయే ఓడ ఆ ఖాళీ ప్రయాణాన్ని కూడా దిగుమతి కిరాయిలోనే కలుపుకుంటుంది.

పైన కట్టిన రిచర్డ్స్ బే ఓడనే తీసుకుందాం. రేవులో అనుమతించే డ్రాఫ్ట్ ఒక మీటరు తక్కువైతే వంద సెంటీమీటర్లు, సెంటీమీటరుకి 57 టన్నుల చొప్పున 5,700 టన్నులు ఎక్కించకుండా వదిలేసి రావాలి. ఖర్చు అదే 7,72,000 డాలర్లు, పంచుకునేది 46,300 టన్నులు. టన్నుకి 14.8 బదులు 16.7. తేడా సుమారు 160 రూపాయలు. బెర్త్ కోసం ఐదు రోజులు ఆగిన ఓడకి కట్టిన డెమరేజ్ కంటే ఎక్కువ. డెమరేజ్ ఎప్పుడో ఒక ఓడకి పడుతుంది, ఇది వచ్చిన ప్రతి ఓడకీ పడుతుంది.